కూతుళ్లు పుట్టకముందే కోడెకి ర్యాంకు: డీఎన్ఏ జోస్యాన్ని ఎంతవరకు నమ్మొచ్చు?

ఈరోజు కథ ఒక ఆబోతుతో మొదలవుతుంది. దాని పేరు బ్యాడ్జర్ బ్లఫ్ ఫ్యానీ ఫ్రెడ్డీ. పేరు మరీ పొడుగు కాబట్టి అందరూ ఫ్రెడ్డీ అనేస్తారు. జాతి హోల్‌స్టీన్. మన ఊళ్లలో హెచ్ఎఫ్ అంటాం చూడండి, నలుపు తెలుపు మచ్చల ఆవులు, అవే. 2009 జనవరిలో అమెరికా వ్యవసాయ శాఖ ఒక లెక్క విడుదల చేసింది. ఆ లెక్క ప్రకారం దేశంలో ఉన్న ఆబోతుల్లో ఫ్రెడ్డీ నంబర్ వన్.

ఇందులో వింత ఏంటంటే, అప్పటికి ఫ్రెడ్డీకి పాలిచ్చే కూతురు ఒక్కటి కూడా లేదు. ఉన్నదల్లా దాని వంశవృక్షం, దాని డీఎన్ఏలో చదివిన 50 వేలకు పైగా గుర్తులు. అంతే. దాన్ని నమ్మి డెయిరీ రైతులు డబ్బులు పెట్టాలి.

మీరైతే నమ్ముతారా? ఇది ఏదో అమెరికా ముచ్చట అనుకోకండి. ఇవాళ మన దగ్గర కూడా ఆవు ఎదకి వస్తే గోపాలమిత్రకి ఫోన్ చేస్తాం, ఆయన సెమెన్ స్ట్రా తెచ్చి సూది వేస్తాడు. ఆ స్ట్రా ఏ ఆబోతుది, దాని మీద రాసిన అంకెకి విలువ ఎంత అన్నది పెయ్య పుట్టి, పెరిగి, ఈనితే గానీ తెలీదు. అంటే మూడేళ్లు. తప్పు జరిగితే మూడేళ్ల మేత, మూడేళ్ల చాకిరీ పోయినట్టే. అందుకే ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చరిత్ర చూద్దాం.

అసలు చిక్కు ఒక్కటే. ఆబోతు పాలివ్వదు! ఎద్దుని కొనేటప్పుడు కాడికి కట్టి చూస్తాం, ఆవుని కొనేటప్పుడు పాలు పిండి చూస్తాం. ఆబోతు దగ్గర పరీక్షించడానికి ఏముంది? అందుకే వందల ఏళ్లు రూపం చూసి ఎంచారు. మన పెద్దవాళ్లు సుడులు చూసేవాళ్లు, మూపురం, గంగడోలు, తోక, నడక చూసేవాళ్లు. ఒడ్డూ పొడవూ, బలం విషయంలో ఆ కన్ను బాగానే పనిచేస్తుంది, ఎందుకంటే అవి కోడెలోనే కనిపిస్తాయి. పాల దగ్గరికి వచ్చేసరికి ఆ కన్ను గుడ్డిదే. ఇంగ్లండ్‌లో కూడా ఇంతే, పోటీల్లో బహుమతి గెలిచిన ఆబోతుకే గిరాకీ.

18వ శతాబ్దంలో లెస్టర్‌షైర్‌లోని డిష్లీ అనే చోట రాబర్ట్ బేక్‌వెల్ అనే రైతు కొంచెం వేరుగా ఆలోచించాడు. తన పొట్టేళ్లనీ ఆబోతుల్నీ అమ్మకుండా సీజన్‌కి అద్దెకిచ్చేవాడు. డబ్బుకి డబ్బు వచ్చేది. దానికన్నా పెద్ద లాభం ఇంకోటి ఉంది. వేరే వాళ్ల మందల్లో వాటి పిల్లలు ఎలా ఉన్నాయో చూసి, ఏది మంచిదో తేలాక దాన్ని మళ్లీ తనే వాడుకోవచ్చు. పిల్లల్ని చూసి తండ్రికి మార్కులు వేయడం. ఆ తర్వాత రెండు శతాబ్దాలు ఇదే దారి.

అయితే ఒక ఆబోతు ఒక ఊరికే పరిమితమైనంత కాలం తప్పు జరిగినా నష్టం ఆ ఊరితో ఆగిపోయేది. ఏఐ వచ్చాక కథ మారింది. ఏఐ అంటే ఇక్కడ చాట్‌బోట్ కాదండోయ్, కృత్రిమ గర్భధారణ. 1936లో డెన్మార్క్ రైతులు దీనికోసం సహకార సంఘం పెట్టుకున్నారు. 1938లో అమెరికాలోని న్యూజెర్సీలో అలాంటిదే మొదలైంది. తర్వాత 1949లో లండన్ మిల్ హిల్ ల్యాబ్‌లో భలే సంఘటన జరిగింది. క్రిస్ పోల్జ్, ఆడ్రీ స్మిత్ కోడిపుంజు వీర్యాన్ని గడ్డకట్టించి మళ్లీ బతికించాలని తంటాలు పడుతున్నారు. ఏదీ పనిచేయట్లేదు. ఒకరోజు ఒక సీసాలో ద్రవం కలిపితే కణాలు బతికాయి. తీరా చూస్తే సీసా మీద లేబుల్ తప్పు. చక్కెర ద్రావణం అనుకున్నది కాస్తా గ్లిసరాల్ కలిసిన వేరే ద్రావణం. ఆ తప్పు లేబుల్ పుణ్యమే ఇవాళ్టి సెమెన్ స్ట్రా. కొన్నేళ్లలోనే ఆబోతు వీర్యం కూడా ఏళ్ల తరబడి దాచుకోవడం సాధ్యమైంది. ఇంక ఒక్క ఆబోతుకి వేల మంది కూతుళ్లు. మంచిదైతే వేల ఇళ్లకి మంచి, చెడ్డదైతే వేల ఇళ్లకి చెడు.

కాబట్టి ముందు పరీక్ష, తర్వాత వాడకం అన్నారు. 1950లో అలన్ రాబర్ట్‌సన్, రెండెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీనికి లెక్కలు కట్టారు. పద్ధతి ఇదీ: కోడెకి ఏడాది నిండాక కొద్ది స్ట్రాలు పలు మందలకి పంచాలి. తొమ్మిది నెలలకి దూడలు పుడతాయి. ఆ పెయ్యలు రెండేళ్ల పైబడి ఈనతాయి. వాటి పాలు కొలవాలి. ఈలోగా కోడె ఐదేళ్ల ఆబోతు అయిపోతుంది. అప్పటిదాకా దానికి మేత వేస్తూ కూర్చోవాలి. చివరికి పనికొచ్చేది పదింట్లో ఒకటే కావచ్చు, మిగతావాటి మీద పెట్టిందంతా గంగలో పోసినట్టే.

ఎంతమంది కూతుళ్లని చూస్తే ఎంత నమ్మొచ్చు? దీనికి చిన్న సూత్రం ఉంది, కాలిక్యులేటర్ తీయండి. పాల దిగుబడిలో ఆవుకీ ఆవుకీ ఉన్న తేడాలో నాలుగో వంతు జన్యువుల వల్ల అనుకుంటే, కూతుళ్ల సంఖ్యని, అదే సంఖ్యకి 15 కలిపిన మొత్తంతో భాగించాలి. ఐదుగురు కూతుళ్లు ఉంటే 5 బై 20, అంటే 25 శాతం. 15 మంది ఉంటే 50 శాతం. 60 మంది ఉంటే 80. వంద మంది ఉంటే 87. దీన్నే రిలయబిలిటీ అంటారు. మొదటి 15 మంది కూతుళ్లు 50 తెచ్చారు, ఆ తర్వాత 85 మంది కలిసి 37 తెచ్చారు. వందకి వంద ఎప్పటికీ రాదు.

అదే చూడి కట్టే గుణం తీసుకోండి. అందులో జన్యువుల వాటా నాలుగు శాతం దగ్గరే ఉంటుంది, మిగతాదంతా మేత, ఎండ, యజమాని శ్రద్ధ. అప్పుడు 15 బదులు 99 కలపాలి. అంటే వంద మంది కూతుళ్లు ఉన్నా వచ్చేది 50 శాతమే. ఒకే ఆబోతు, ఒకే వంద మంది కూతుళ్లు, పాలకి 87, చూడి కట్టడానికి 50! ఎవరైనా "ఈ ఆబోతు రిలయబిలిటీ ఎంత" అని ఒక్క అంకె చెప్తే, దేనికి అని అడగాలి.

మరి కూతుళ్లు పుట్టకముందు ఏం చేసేవాళ్లు? అమ్మానాన్నల మార్కుల సగటు కోడెకి ఇచ్చేవాళ్లు. దీనికి ఒక గోడ అడ్డం. ఒకే తల్లి, ఒకే తండ్రి అయితే అన్నదమ్ములందరికీ అదే సగటు. మీ ఇంట్లో మీరూ మీ అన్నయ్యా ఒకేలా ఉన్నారా? ప్రతి పిల్లకీ తల్లి జన్యువుల్లో సగం, తండ్రివి సగం వస్తాయి, కానీ ఏ సగం అన్నది పేక ముక్కలు కలిపినట్టే. అందుకని తల్లిదండ్రుల గురించి పూర్తిగా తెలిసినా రిలయబిలిటీ 50 దాటదు. నిజానికి అంత కూడా వచ్చేది కాదు. ఆబోతుల్ని కనే తల్లి ఆవుకి ప్రత్యేకమైన మేత, ప్రత్యేకమైన కొట్టం, ఇంట్లో కోడలి కన్నా ఎక్కువ మర్యాద. దాంతో దాని పాలు ఎక్కువ కనిపించేవి, కొడుకు మార్కులూ పెరిగేవి. కూతుళ్లు పాలివ్వడం మొదలెట్టాక అసలు రంగు బయటపడేది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి కార్లిన్ ఎం ఐవన్‌హో బెల్ కథ చెప్పాలి. ఇది 1974లో పుట్టిన హోల్‌స్టీన్ ఆబోతు. కూతుళ్ల పరీక్షలో దూసుకుపోయింది. పాలు బ్రహ్మాండం. దాని స్ట్రాలు దేశదేశాలకి వెళ్లాయి. కొన్నాళ్లకి కొన్ని మందల్లో దూడలు జబ్బులు తట్టుకోలేక చనిపోవడం మొదలైంది. పుండు మానదు, న్యుమోనియా తగ్గదు. తెల్ల రక్తకణాలు రక్తనాళం గోడ దాటి జబ్బు ఉన్నచోటికి వెళ్లలేని లోపం అది. బ్లాడ్ అని పేరు పెట్టారు. ఒక చెడ్డ ప్రతి ఉంటే ఏమీ కాదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ కలిస్తేనే దూడ పోతుంది. ఆ లోపాన్ని మోసుకొచ్చిన ఆబోతుల్లో బెల్ ఒకటి. 1990ల మొదట్లో దానికి డీఎన్ఏ పరీక్ష వచ్చింది. తర్వాత డెన్మార్క్ పరిశోధకులు దూడల్లో వెన్నెముక వంకర్లు పోయే ఇంకో జబ్బుని పట్టుకుని వెనక్కి వెళితే, అక్కడా బెల్లే!

చూశారా, వేల మంది కూతుళ్లతో పాల విషయంలో బెల్ గురించి దాదాపు అంతా తెలుసు. ఆ అంకె అబద్ధం చెప్పలేదు. అడగని ప్రశ్నకి జవాబు ఇవ్వలేదు, అంతే.

ఇప్పుడు డీఎన్ఏకి వద్దాం. 2001లో మ్యూవిసెన్, హేస్, గొడార్డ్ అనే ముగ్గురు ఒక పరిశోధన పత్రం రాశారు. ఫలానా జన్యువు పాలు పెంచుతుంది అని ఒక్కొక్కటే వెతుకుతూ కూర్చోవద్దు, డీఎన్ఏ పొడవునా వేల గుర్తులు తీసుకుని, అన్నిటికీ ఒకేసారి చిన్న చిన్న మార్కులు వేసి, అన్నీ కూడితే చాలు అన్నారు. కాగితం మీద, కంప్యూటర్‌లో బాగుంది. అన్ని గుర్తులు చదివే పరికరం అప్పటికి లేదు. 2008 నాటికి వచ్చింది, సుమారు 54 వేల గుర్తులు ఒకే దెబ్బలో చదివే చిప్.

చిప్ వచ్చింది సరే, నమ్మడం ఎలా? అమెరికా వ్యవసాయ శాఖలో పాల్ వాన్‌రేడెన్ బృందం చేసిన పరీక్ష నాకు చాలా ఇష్టం. అమెరికా, కెనడా ఏఐ సంస్థలు పాత ఆబోతుల వీర్యాన్ని ఒక డీఎన్ఏ భాండాగారంలో దాచి పెట్టాయి. చాలా ఆబోతులు ఎప్పుడో పోయాయి, స్ట్రాలు మాత్రం ఉన్నాయి. వీళ్లు ఏం చేశారంటే, "ఇది 2003వ సంవత్సరం అనుకుందాం, ఆ తర్వాత ఏం జరిగిందో మనకి తెలీదు" అన్నారు. 1999కి ముందు పుట్టిన 3,576 ఆబోతుల డీఎన్ఏ, 2003 నాటి వాటి మార్కులు తీసుకుని సూత్రం తయారు చేశారు. ఆ సూత్రంతో 1999 నుంచి 2002 మధ్య పుట్టిన 1,759 కోడెలకి మార్కులు వేశారు. తర్వాత 2008 జనవరి లెక్కలు తెరిచారు. అప్పటికి ఆ కోడెల కూతుళ్లు నిజంగానే పాలిస్తున్నాయి. అంటే జవాబు పత్రం రెడీగా ఉంది, దిద్దుకోవడమే.

మొత్తం 27 గుణాలు చూశారు. తల్లిదండ్రుల సగటుతో వచ్చే రిలయబిలిటీ సగటున 27 శాతం. డీఎన్ఏ కలిపితే 50 శాతం. అన్ని గుణాల్లోనూ డీఎన్ఏ కలిపిన అంచనాయే మెరుగ్గా వచ్చింది. ఆ పెరిగిన 23 శాతం ఎంత అన్నదానికి వాళ్లే ఒక పోలిక చెప్పారు: 11 మంది అదనపు కూతుళ్లని చూసినంత.

పదకొండు! అంత హైటెక్ చిప్, 38 వేల గుర్తుల లెక్క, అన్నీ కలిపి 11 మంది కూతుళ్ల సమానం. ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఆ 11 మందిని ఐదేళ్లు ఆగి చూడక్కర్లేదు, కోడె పుట్టిన వారం రోజులకే నాలుగు వెంట్రుకలు పీకి పంపితే చాలు. లాభం ఆ కాలంలో ఉంది. ఇంకో మాట కూడా తేలింది. చిప్ మీద గుర్తులు రెట్టింపు చేసినదానికన్నా, కూతుళ్ల లెక్కలున్న ఆబోతుల సంఖ్య రెట్టింపు చేస్తే ఎక్కువ ఉపయోగం. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో కీలకం ఇదే. డీఎన్ఏ కూతుళ్ల అవసరాన్ని తీసేయలేదు. ఈ కోడె కూతుళ్ల బదులు, దాని చుట్టాల కూతుళ్ల లెక్కల్ని అప్పు తెచ్చి వాడుతోంది.

ఫ్రెడ్డీ ఏమైంది అంటారా? కూతుళ్లు పాలిచ్చాయి, లెక్కలు వచ్చాయి, జోస్యం నిజమైంది. కూతుళ్ల పరీక్షలోనూ అగ్రస్థానానికే వచ్చింది. డీఎన్ఏ పద్ధతికి అంతకన్నా మంచి ప్రచారం ఇంకేం కావాలి? కానీ ఒక్క ఫ్రెడ్డీ గెలిస్తే పద్ధతి నిజమైనట్టు కాదు, ఒక్క కోడె ఓడితే అబద్ధమైనట్టూ కాదు. ఆ 1,759 కోడెల పరీక్షే అసలు రుజువు. మనకేమో ఫ్రెడ్డీ కథే గుర్తుంటుంది.

ఆ తర్వాత లెక్కల్లోకి వచ్చిన పశువులు లక్షలకి చేరాయి. అమెరికా హోల్‌స్టీన్ కోడెలకి పాల విషయంలో డీఎన్ఏ అంచనా 70 శాతం దాటింది. ఇప్పుడు ఈ 70 అంటే ఏంటి? "పదిలో ఏడుసార్లు నిజం" అని చాలామంది అనుకుంటారు. కాదు. ఊరికే ఉదాహరణకి, ఆబోతుల మధ్య అసలు తేడా సగటుకి అటూ ఇటూ 300 లీటర్లు అనుకుందాం. ఒక కోడెకి "ఈతకి సగటు కన్నా 400 లీటర్లు ఎక్కువ ఇచ్చే కూతుళ్లు పుడతాయి" అని 70 శాతం రిలయబిలిటీతో రాశారు. లెక్క కడితే ఇంకా అటూ ఇటూ 165 లీటర్ల సందేహం మిగులుతుంది. అలాంటి కోడెలు మూడు ఉంటే అందులో రెండు 235కీ 565కీ మధ్య తేలతాయి. ఇరవైలో ఒకటి 70 కన్నా కిందో, 730 కన్నా పైనో పోతుంది. మంచిదే, కానీ ఎంత మంచిదో తెలీదు.

అందుకే అక్కడి తెలివైన రైతులు ఒక్క కుర్ర ఆబోతు మీదే పందెం కాయరు. ఐదింటి స్ట్రాలు కలిపి వాడతారు. ఒకదానికొకటి దగ్గరి చుట్టాలు కాకపోతే, ఐదింటి సగటు మీద ఆ 165 లీటర్ల సందేహం 74కి తగ్గిపోతుంది. ఒకటి తగ్గినా ఇంకొకటి ఎత్తుతుంది.

వేగానికి ఖరీదు కూడా ఉంది. ఆబోతులకి తండ్రులయ్యే ఆబోతుల తరం వ్యవధి అమెరికాలో సుమారు ఏడేళ్ల నుంచి రెండున్నరేళ్ల లోపుకి పడిపోయింది. అంటే కూతుళ్లు ఈనేలోపే దాని కొడుకులు రంగంలోకి వస్తున్నాయి, అంచనా మీద అంచనా. పైగా అందరూ ఒకే జాబితా పైవరసే వాడితే అందరి ఆవులూ చుట్టాలే. 2015లో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు అమెరికా ఏఐ హోల్‌స్టీన్ ఆబోతుల తండ్రి వరస వెనక్కి చూసుకుంటూ పోతే, దాదాపు అన్నీ 1960ల్లో పుట్టిన రెండే ఆబోతుల దగ్గర ఆగాయి. ఒకటి ఎలివేషన్, ఇంకోటి చీఫ్.

ఆ చీఫ్‌కి 16 వేల మంది కూతుళ్లు, 5 లక్షల మంది మనవరాళ్లు. పాలు అమోఘం. 2011లో వాన్‌రేడెన్ బృందం డీఎన్ఏ లెక్కల్లో ఒక ఖాళీ గమనించింది. ఒక డీఎన్ఏ ముక్క ఒక ప్రతిగా చాలా పశువుల్లో ఉంది, రెండు ప్రతులతో ఒక్క పశువూ లేదు. క్లాసులో హాజరు వేస్తుంటే ఒక వరస మొత్తం ఖాళీగా ఉన్నట్టు. ఎందుకు లేదంటే, రెండు ప్రతులు వచ్చినవి కడుపులోనే పోతున్నాయి. మన వాళ్లు ఈసుకుపోయింది అంటారే, అదే. దాన్ని వెనక్కి పట్టుకుంటే చీఫ్ దగ్గర తేలింది. 2016 నాటి అంచనా ప్రకారం ప్రపంచం మొత్తం మీద అలా పోయిన గర్భాలు 5 లక్షల 25 వేలు, నష్టం 42 కోట్ల డాలర్లు. పాల ద్వారా చీఫ్ తెచ్చిన లాభం మాత్రం దానికి ఎన్నో రెట్లు, 3,000 కోట్ల డాలర్లు అని అదే అంచనా. ఇంత లాభం తెచ్చిన ఆబోతుని తిట్టాలా మెచ్చుకోవాలా? ఒకటి మాత్రం నిజం, బెల్ కాలంలో దూడలు చచ్చాక తెలిసింది, ఇప్పుడు అలాంటివి డీఎన్ఏలోనే పట్టుకుంటున్నారు.

ఇక మన సంగతి. ఒక జాతి లెక్కలతో కట్టిన సూత్రం ఇంకో జాతికి దాదాపు పనిచేయదు. హోల్‌స్టీన్ సూత్రంతో జెర్సీని కూడా సరిగ్గా చెప్పలేరు, ఇంక ఒంగోలు, ముర్రా ఎక్కడ? మన ఒంగోలు పశువులే బ్రెజిల్ వెళ్లి నెల్లూరు పేరుతో నెలోర్ అయ్యాయి. 1960ల్లో వెళ్లిన ఆబోతుల్లో ఒకదాని పేరే కర్వాది, ప్రకాశం జిల్లా కరవది ఊరి పేరు. అక్కడ నెలోర్‌కి డీఎన్ఏ అంచనాలు భారీగా ఉన్నాయి. కానీ వాళ్లు కొలిచింది ముఖ్యంగా మాంసం, ఎదుగుదల. రక్తం మనదే అయినా, పాల గురించో కాడి గురించో వాళ్ల అంకెని అడిగితే ఏం చెప్తుంది?

2024 అక్టోబరులో మహారాష్ట్రలోని వాషిమ్‌లో ప్రధాని ఆవులకి గౌ చిప్, గేదెలకి మహిష్ చిప్ విడుదల చేశారు. మంచి అడుగే. అయితే చిప్ చదివేది గుర్తులు మాత్రమే. ఏ గుర్తుకి ఎన్ని మార్కులో చెప్పాల్సింది పాలు కొలిచిన లెక్కలు. అమెరికాలో వందల ఆవుల మందలు, దశాబ్దాల రికార్డులు. మన దగ్గర ఇంటికి రెండు గేదెలు, పొద్దున పాలు కేంద్రానికి, సాయంత్రం పాలు ఇంటికి, రాసేవాళ్లు ఎవరు? కాబట్టి ఎవరైనా దేశవాళీ కోడెని డీఎన్ఏ సర్టిఫికెట్ చూపించి లక్షలు చెప్తే మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఏ గుణానికి? రిలయబిలిటీ ఎంత? ఆ సూత్రం వెనక ఇదే జాతివి, పాలు కొలిచిన పశువులు ఎన్ని? మూడోదానికి జవాబు లేకపోతే, ఆ కాగితం కన్నా కోడె తల్లి పాలు మూడు పూటలు దగ్గరుండి పిండించి చూడటం నయం.

మీ పశువు చెవికి 12 అంకెల ట్యాగ్ ఉంటే, పాలు కొలవడానికి మనిషి వస్తే, విసుక్కోకుండా కొలవనివ్వండి. రేపు ఏదో ఊళ్లో ఇంకా ఈనని పెయ్యకి తండ్రిని వెతికేటప్పుడు లెక్కలోకి వచ్చే ఆ కూతురు మీ కొట్టంలోనే ఉండొచ్చు. కర్వాది ఓడెక్కిన కథ వేరే ఎపిసోడ్‌లో చెప్తాను. ఉంటానండి.